టర్బో కారునకు పెట్రోలు కొఱత: కారణమును కనిపెట్టు విధము

మోటారు కారు ఇంజను నడచుటకు మూడు వస్తువులు కావలెను: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. వీనిలో నేది తక్కువైనను, రావలసిన సమయమునకు రాకపోయినను ఇంజను తడబడును. కారును తయారుచేయువారు ఈ మూటికిని పొత్తు కుదిర్చి మన చేతి కిత్తురు. కాని పెక్కు దేశములలో ఉత్సాహవంతులగు యువకులు తమ యింటి షెడ్డులోనే పాత కారునకు టర్బోఛార్జరు తగిలించి దాని బలమును పెంచుకొనుచున్నారు. అట్లు చేసినప్పుడు పెరుగునది గాలి యొక్కటే. పెట్రోలు తనంతట తాను పెరుగదు. ఆ కొఱత యెచ్చట పుట్టినదో తెలిసికొనుట యెట్లు? ఇదియే యీ వ్యాసమున మేము వివరింపదలచిన విషయము. పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుకొనిన పీడనము, ఓము సూత్రము, గణితమున నేర్చిన వర్గమూలము ఇందు మూడును పనికివచ్చును. మోటారు సంగతు లెఱుగని తలిదండ్రులును కొలిమిని, కొళాయిని చూచియుందురు గనుక, వారికిని ఇది కష్టము కాదు.

కమ్మరి కొలిమిని తలచుకొనుడు. తిత్తి నూదినకొలది నిప్పు రాజుకొనును. అయితే బొగ్గు వేయక తిత్తినిమాత్రమే గట్టిగా నూదినచో ఏమగును? కొలిమి కాసేపు తెల్లగా మండి యారిపోవును. టర్బోఛార్జరు ఇంజనునకు తిత్తివంటిది. సిలిండరులనుండి వెలువడు పొగ వృథాగా పోక, ఒక చక్రమును త్రిప్పును. అదే యిరుసునకు రెండవ కొనయందున్న మఱియొక చక్రము బయటి గాలిని ఒత్తి సిలిండరులలోనికి నెట్టును. ఈ యధికమైన ఒత్తిడినే మోటారువారు బూస్టు అందురు. ఈ యూహకు 1905లో పేటెంటు పొందినవాడు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరైన ఆల్ఫ్రెడ్ బూకీ. సామాన్యజనులు కొనగల కారులలో ఇది మొదట కనబడినది 1962లో. ఆ యేట అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైరు, షెవ్రొలే కోర్వేరు మోంజా స్పైడరు అను రెండు కారులు వెలువడెను.

జెట్‌ఫైరు కథ మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. అధిక పీడనమున పెట్రోలు అకాలముగా పేలకుండుటకై దాని నిర్మాతలు నీటిని, మెథనాలును కలిపిన ద్రవము నొకదానిని ప్రత్యేకమైన సీసాలో నుంచి, బూస్టు వేళ ఇంజనులోనికి చిమ్మించిరి. సీసా వట్టిదైనచో ఒక కవాటము బూస్టును తగ్గించి ఇంజనును కాపాడును. కారు కొన్నవారిలో పలువురు ఆ సీసాను నింపుట మఱచిరి; కారు బలహీనమైనదని నిందించిరి. 1963తో ఆ కారు తయారీ నిలిచిపోయెను. టర్బోకు గాలి దొరకుట ఏనాడును సమస్య కాలేదు. ఆ గాలికి తోడు పోవలసిన ద్రవమే మొదటినుండియు తగవులమారి.

ఇక లెక్కకు వత్తము. 1989లో వెలువడిన మాజ్దా మియాటా అను చిన్న కారు ఇట్టి యింటి ప్రయోగములకు ప్రసిద్ధమైనది. దాని మొదటి ఇంజను 1.6 లీటర్లది. నాలుగు ఘాతముల ఇంజను రెండు చుట్లకొకసారి గాలిని పీల్చును గనుక, నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు 3,000 పర్యాయములు పీల్చును. సిలిండరులు పదింట తొమ్మిది పాళ్లే నిండునని యనుకొన్నచో నిమిషమునకు 4,320 లీటర్ల గాలి. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు, కావున 5,184 గ్రాములు. టర్బో లేనపుడు పూర్తి బలమునకు 13 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఇచ్చినచో సుమారు 400 గ్రాములు, అనగా ఇంచుమించు 530 సీ.సీ. పెట్రోలు నిమిషమునకు కావలెను. ఇప్పుడు అర బారు బూస్టు పెట్టుడు. గాలి ఒకటిన్నర రెట్లగును. అదిగాక, బూస్టులో ఇంజనును చల్లగా నుంచుటకై మిశ్రమమును మఱికొంత చిక్కగా, 11.5 పాళ్లకు ఒక పాలుగా నీయవలెను. లెక్కవేయగా నిమిషమునకు ఇంచుమించు 900 సీ.సీ. వచ్చును. ఒత్తబడిన గాలి వేడెక్కి పలుచనగుటవలన నిజముగా కొంత తగ్గవచ్చును గాని, పంపును ఎన్నుకొనువాడు ఆ తగ్గింపును నమ్ముకొనరాదు. ఐదువందల ముప్పదికి అమర్చిన వ్యవస్థను తొమ్మిదివందలు తెమ్మని యడుగుచున్నామన్నమాట.

తేలేకపోయినచో నేమి? మామూలు కారులో పెట్రోలు చాలకున్న ఇంజను నీరసించును, అంతే. టర్బో కారులో అట్లు కాదు. పెట్రోలు ఆవిరియగునప్పుడు వేడిని పీల్చుకొని సిలిండరును చల్లార్చును. అది తగ్గి మిశ్రమము పలుచబడినచో, నిప్పురవ్వ వెలిగించిన మంట సక్రమముగా వ్యాపింపకమునుపే మిగిలిన మిశ్రమము ఒక్కుమ్మడి పేలును. దీనినే నాకింగు అందురు. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టి చప్పుడు వినవచ్చును. పెద్ద చప్పుడు చేయు కారులో అదియు వినబడదు. ఆ దెబ్బలకు పిస్టను రింగుల నడుమ గట్లు విరుగును, లేదా పిస్టను తలకు రంధ్రము పడును. ఇందుకు గంటలు పట్టవు. కొన్ని క్షణములు చాలును. కావున పెట్రోలు కొఱత యను అనుమానము కలిగిన క్షణమే బూస్టుతో నడుపుట మానవలెను. పరీక్షలన్నియు ఆ తరువాతనే.

పెట్రోలు నడచు దారిని ఒకసారి అనుసరింతము. ట్యాంకు అడుగున ఒక చిన్న వల సంచి. దాని మీద విద్యుత్తుతో తిరుగు పంపు. అచ్చటనుండి గొట్టము, ఫిల్టరు. పిమ్మట ఇంజను మీద రైలు అనబడు గొట్టము. రైలునుండి ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క ఇంజెక్టరు. రైలు చివర రెగ్యులేటరు. అది మిగిలిన పెట్రోలును మరల ట్యాంకునకు పంపివేయుచు రైలులో పీడనమును నిలుపును. క్రొత్త కారులు కొన్నింటిలో ఈ తిరుగుదారి లేదు. మేము చెప్పునది తిరుగుదారి గల పాత పద్ధతిని గూర్చి. ఇంజెక్టరు ఒక విద్యుత్ కొళాయి. దానిని ఎంతసేపు తెఱవవలెనో ఇంజను కంప్యూటరు చెప్పును. 6,000 చుట్ల వేగమున ఒక పూర్తి ఆవృత్తికి దొరకు కాలము 20 మిల్లీసెకనులు మాత్రమే. అందు 16, 17 మిల్లీసెకనులకు మించి తెఱచియుంచవలసి వచ్చినచో ఆ ఇంజెక్టరు చిన్నదని యర్థము.

ఇందు గమనింపవలసినది: కంప్యూటరు పెట్రోలును కొలువదు. తెఱచియుంచిన కాలమునే యెఱుగును. రైలులో పీడనము సరిగా నున్నదని నమ్మి, ఇన్ని మిల్లీసెకనులకు ఇంత పెట్రోలు పడునని లెక్క కట్టుకొనును. ఆ నమ్మకము వమ్మైనను దానికి తెలియదు. కొళాయి నెంతసేపు త్రిప్పియుంచినను, మిద్దె మీది తొట్టిలో నీరు లేనిచో బిందె నిండదు గదా!

రోగనిర్ణయమునకు మొదటి ప్రశ్న 'ఎచ్చట?' కాదు, 'ఎప్పుడు?' అని మా యభిప్రాయము. బండి నిలిచియున్నప్పుడును తడబడుచున్నదా, బరువు లాగునప్పుడు మాత్రమేనా? మధ్యాహ్నపు టెండలోనా, తెల్లవారు చలిలోనా? ట్యాంకు నిండుగా నున్నప్పుడా, పావువంతున్నప్పుడా? మలుపులోనా, తిన్నని దారిలోనా? మిశ్రమము ఒక్కసారిగా పలుచబడుచున్నదా, మెల్లమెల్లగానా? ఈ ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసికొనిన కాగితము వేల రూపాయల పరికరముకన్న విలువైనది.

ఈ మాట నిజమనుటకు చరిత్రలో నొక ప్రసిద్ధమైన నిదర్శనము గలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషువారి స్పిట్‌ఫైరు, హరికేను విమానములలో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజనులుండెను. అవియు గాలిని ఒత్తి నింపుకొను ఇంజనులే. అయితే వానికి టర్బో కాదు, ఇంజను తానే త్రిప్పుకొను సూపర్‌ఛార్జరు. శత్రువును తఱుముచు విమానపు ముక్కును ఒక్కసారిగా క్రిందికి వంచినచో ఇంజను తడబడి యాగుచుండెను. జర్మను విమానములలో పెట్రోలును నేరుగా చిమ్ము పద్ధతి యుండుటచే వారికీ చిక్కు లేదు. 'ముక్కు వంచినప్పుడే' అను ఒక్క మాటలోనే కారణము దాగియున్నది. ఆ చలనమున కార్బురేటరులోని పెట్రోలు పైకి తేలి మొదట ఇంజనునకు అందదు. వెంటనే పంపు ఒత్తిడితో మితిమీఱి వచ్చి ముంచివేయును. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటునందు ఇంజనీరైన బియాట్రిస్ షిల్లింగు అను మహిళ, పెట్రోలు దారిలో నుంచదగిన చిన్న యిత్తడి అడ్డు నొకదానిని రూపొందించెను. పూర్తి బలమునకు కావలసినంత పెట్రోలే దానిగుండా పోవును, అంతకు మించి పోదు. 1941లో ఆమె విమానస్థావరములకు స్వయముగా పోయి దానిని అమర్పించెను. మా బాలికలు గమనింతురు గాక, ఆమె మోటారు సైకిలు పందెములలోను మేటి. 1934లో బ్రూక్‌లాండ్సు పందెపు దారిలో గంటకు 100 మైళ్లకు పైగా నడిపిన ఘనత గలది.

తిరిగి మన కారునకు. పలుచని మిశ్రమమును కనిపెట్టుటకు పొగగొట్టములో ఆక్సిజను సెన్సారు నుంచి, గాలి పెట్రోలు పాళ్లను అంకెలలో చూపు గడియారమువంటి సాధనమును డ్రైవరు ఎదుట పెట్టుకొందురు. మంచి సాధనమే, కాని అది చెప్పునది పొగలో మిగిలిన ఆక్సిజను సంగతి యొక్కటే. నిప్పురవ్వ తప్పిపోయి ఒక సిలిండరు మండనిచో, మండని ఆక్సిజను బయటికి వచ్చును; సాధనము 'పలుచన' యని చూపును. పెట్రోలు నిజమునకు సరిపోయియే యుండును! బూస్టులో గాలి చిక్కబడుటచే నిప్పురవ్వ దూకుట కష్టమగును. స్పార్కు ప్లగ్గుల సందును 0.7 మిల్లీమీటరుల ప్రాంతమునకు తగ్గించి చూచినచో ఈ దోషము చాలమార్లు తొలగును. అట్లే సెన్సారునకు ముందు పొగగొట్టము చీలియున్నను బయటి గాలి దూరి అబద్ధపు సాక్ష్యము చెప్పించును. ఈ రెండింటిని తొలగించిన పిమ్మటనే పెట్రోలు మీద నేరము మోపవలెను.

ఇప్పుడు ముఖ్యమైన సాధనము: పీడనపు గేజి. దానిని రైలునకు తగిలించి బూస్టులో చదువవలెను. బండి నిలిచియున్నప్పుడు చదివిన అంకె మనకు చెప్పునది చాల తక్కువ. సాధారణముగా రైలులో పీడనము, ఇంజెక్టరు ముక్కు వద్దనున్న పీడనముకన్న 3 బారులు ఎక్కువగా నుండవలెను. ఇంజనులోని పీడనమును రెగ్యులేటరునకు తెలుపుటకై ఒక సన్నని రబ్బరు గొట్టము గలదు. అర బారు బూస్టు వచ్చినప్పుడు గేజి మూడున్నర చూపవలెను. మూడున్నర నిలకడగా చూపుచు మిశ్రమము పలుచనైనచో తప్పు రైలునకు ఈవల: ఇంజెక్టరులు చిన్నవో, మలినము పట్టినవో, కంప్యూటరు లెక్క తప్పినదో. గేజి మూడుననే నిలిచి పెరుగకున్నచో ఆ సన్నని గొట్టము ఊడినదో చిరిగినదో చూడుడు. మొదట పెరిగి, పిమ్మట వేగము హెచ్చుకొలది దిగజారుచున్నచో తప్పు రైలునకు ఆవల: పంపు, దాని విద్యుత్తు, ఫిల్టరు, నలిగిన గొట్టము, ట్యాంకు. ఒక్క గేజితో కారు సగమునకు సగము నిర్దోషియని తేలిపోవును. ఇంత సులభమైన పరీక్షను మాని, ముందుగా వస్తువులు కొనుట మాకు వింతగా తోచును.

పీడనము తగ్గినచో పెట్రోలు ఎంత తగ్గును? సన్నని రంధ్రముగుండా పోవు ద్రవపు పరిమాణము పీడనభేదముయొక్క వర్గమూలమును అనుసరించును. భేదము 3 బారులకు బదులు 2 బారులే యైనచో, మూడింట రెండు పాళ్లకు వర్గమూలము 0.816. అనగా నూటికి 18 పాళ్ల పెట్రోలు తగ్గును. ఈ లెక్కను మనసున నుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

మన దేశమున నిట్టి ప్రయోగములకు చట్టపు హద్దు గలదని యిచ్చట చెప్పుట మా విధి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున నున్న వివరములకు భిన్నమగునట్లు, అనుమతి లేక వాహనమును మార్చరాదు. రహదారి బండిపై ప్రయోగములు వలదు. అయితే ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తామే నిర్మించిన చిన్న పందెపు కారులతో ఫార్ములా భారత్ వంటి పోటీలలో పాల్గొనుచున్నారు. అట్టి పోటీల నిబంధనల ప్రకారము పెట్రోలు ఇంజను గాలినంతయు 20 మిల్లీమీటరుల రంధ్రముగుండానే పీల్చవలెను. టర్బోకు అనుమతి గలదు. మా విద్యార్థులలో నెవరికైన ఈ విద్యయందు మక్కువ యున్నచో వారికి తగిన రంగము అదియే.

మా పాఠశాలలో చదివి ఇప్పుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు పాత మియాటా నొకదానిని కొని టర్బో అమర్చుకొనెను. మూడవ గేరులో 4,500 చుట్లు దాటగానే మిశ్రమము 11.5నుండి 14.4 వఱకు పలుచబడుచున్నదని, కాలు తీయకున్న ఇంజను పోవునని భయముగా నున్నదని మాకు జాబు వ్రాసెను. అప్పటికే పెద్ద ఇంజెక్టరులు కొనియున్నాడు. గుణము లేదు. కంప్యూటరులో తెఱచు కాలమును పదింట ఒక వంతు పెంచినాడు. గుణము లేదు. పంపు చాలదేమోయని దానికన్న పెద్ద పంపు వేసినాడు. 'మాస్టరుగారూ, పెద్ద పంపు వేసిన తరువాత మునుపటికన్న ముందే పలుచబడుచున్నది, ఇదెట్లు సాధ్యము?' అని యడిగినాడు.

ఆ జాబులో మాకు నచ్చిన వాక్యము అదే. కాలమును పెంచినను మిశ్రమము చిక్కబడలేదనుట గొప్ప సాక్ష్యము. ఇంజెక్టరులో లోపమున్నచో కొంతైన చిక్కబడవలెను. చిక్కబడలేదు గనుక తొట్టిలోనే నీరు లేదు. కొళాయి మఱింత త్రిప్పుటచే పీడనమే పడిపోవుచున్నది. గేజి పెట్టి బూస్టులో చదువుమని వ్రాసితిమి. గేజిని కారులోపల నుంచవద్దని, గొట్టము తెగినచో పెట్రోలు ముఖముపై చిమ్మునని, అద్దమునకు వెలుపల తుడుపుకఱ్ఱ క్రింద బిగించుమని హెచ్చరించితిమి. అతడు స్నేహితుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మూసిన పందెపు దారిలో రెండు మూడు క్షణములు మాత్రమే పరీక్షించి అంకెలు పంపినాడు. 4,000 చుట్ల వద్ద 3.4 బారులు; 5,500 వద్ద 2.4.

వర్గమూలము తీయుదము. 2.4లో బూస్టు అర బారు పోగా భేదము 1.9. దానిని మూడుతో భాగించి వర్గమూలము తీసినచో 0.796. పెట్రోలు ఇంచుమించు ఐదింట నాలుగు పాళ్లే పడుచున్నది. 11.5ను 0.796తో భాగింపుడు: 14.4! అతడు మొదట వ్రాసిన అంకె అదియే. ఇక వేఱు కారణము వెదుక నక్కఱలేదు. ఈ లెక్కను మా పదవ తరగతి బాలురచేత నల్లబల్లపై చేయించితిమి. ఫలితము సరిపోయినపుడు వారి ముఖములు చూడదగియుండెను.

పీడనము పడుచున్నది, పంపు క్రొత్తది. మిగిలినది పంపునకు అందు విద్యుత్తు. పంపు గిఱ్ఱున తిరుగుచున్నప్పుడు దాని తీగల కొనల వద్దనే వోల్టులు కొలువుమని వ్రాసితిమి. బ్యాటరీ వద్ద 13.9, పంపు వద్ద 10.6. నడుమ 3.3 వోల్టులు మాయమైనవి. పంపు 11 ఆంపియర్లు లాగుచున్నది గనుక ఓము సూత్రమున దారిలో 0.3 ఓము నిరోధము. మూడు పదుల వంతు ఓము! బడి ప్రయోగశాలలో దీనిని లెక్కచేయము. కాని పంపునకది నాలుగవ వంతు ప్రాణము. పెద్ద పంపు ఎక్కువ కరెంటు లాగును. ఎక్కువ కరెంటు అదే నిరోధముగుండా పోయినచో ఎక్కువ వోల్టులు నష్టమగును. అందుచేతనే పెద్ద పంపుతో జబ్బు ముదిరినది. తీగను వెంబడించి చూడగా, పంపునుండి కారు దేహమునకు బిగించిన నేలతీగ మర క్రింద త్రుప్పు దొరకినది. తీగయు పాత చిన్న పంపునకు తగిన సన్నని తీగ. బ్యాటరీనుండి నేరుగా లావైన తీగ, ఫ్యూజు, రిలే పెట్టి, నేలతీగ క్రింద లోహము మెఱయునట్లు గీకి బిగించినాడు. పంపు వద్ద 13.4 వోల్టులు వచ్చెను. గేజి మూడున్నర వద్ద కదలక నిలిచెను.

విద్యుత్తు సరిగా నున్నను పీడనము పడినచో ఏమి చేయవలెనో కూడ చెప్పవలెను. రెగ్యులేటరునుండి ట్యాంకునకు పోవు తిరుగుదారిని విప్పి కొలపాత్రలోనికి మళ్లించి, రెగ్యులేటరుయొక్క సన్నని గొట్టములోనికి చేతిపంపుతో అర బారు గాలి పెట్టి, ఇంజను నడపక పెట్రోలు పంపును మాత్రము అర నిమిషము నడుపుదురు. మన లెక్క ప్రకారము కనీసము 450 సీ.సీ. రావలెను, ఆరువందలు వచ్చినగాని మేము తృప్తిపడము. ఈ పరీక్ష చేయునప్పుడు బ్యాటరీని బయట ఛార్జి చేయు యంత్రమునకు కలిపియుంచనిచో వోల్టులు తగ్గి పంపు అకారణముగా దోషి యగును. అపాయమైన పరీక్ష యిది. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. నేలవెంబడి ప్రాకి దూరముననున్న నిప్పును అందుకొనును. ఆరుబయట, ఇంజను చల్లారిన పిమ్మట, అగ్నిమాపకసాధనము చేరువనుండగా, అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేయవలసిన పని. బడిపిల్లలు చూచుటకు కూడ దగ్గరకు పోరాదు.

పెట్రోలు తక్కువగా వచ్చినచో ఫిల్టరును మార్చి మరల కొలువుడు. ట్యాంకు మూత తీయగానే బుస్సుమని గాలి లోనికి పోయినచో ట్యాంకునకు ఊపిరి ఆడుట లేదు. పంపు శూన్యమునకు ఎదురీదుచున్నది. వేసవిలో మాత్రమే, అదియు చాలదూరము నడచిన పిదపనే వచ్చు దోషమైనచో, ఇంజను వేడిని మోసికొని తిరిగి వచ్చు పెట్రోలువలన ట్యాంకు వేడెక్కి, పంపు నోట ఆవిరి బుడగలు పుట్టుచున్నవని అనుమానింపవచ్చును. ఎథనాలు కలిసిన పెట్రోలు వాడునప్పుడు మఱియొక సంగతి: నూటికి 20 పాళ్లు ఎథనాలు గల పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 13.5 పాళ్ల గాలియే చాలును, శుద్ధమైన పెట్రోలునకు 14.7. అనగా అదే గాలికి సుమారు 7 శాతము ఎక్కువ పరిమాణమున పోయవలెను. అంచున నడచుచున్న పంపును ముంచుటకు ఆ ఏడే చాలును.

టెక్సాసునుండి కొన్నాళ్లకు రెండవ జాబు వచ్చెను. తిన్నని దారిలో కారు బాగున్నది. కాని పెద్దదారి నెక్కు గుండ్రని వంతెన మలుపులో ఒక్క క్షణము గేజి జారిపడుచున్నదట. 'ఎప్పుడు?' అని మేమడుగకముందే తానే వ్రాసినాడు: ట్యాంకులో పావువంతు కన్న తక్కువ యున్నప్పుడే, దీర్ఘమైన మలుపులోనే. ఇక చెప్పవలసినదేమి? మలుపులో పెట్రోలు ఒక ప్రక్కకు ఒరిగి పంపు నోరు బయటపడి గాలిని మ్రింగుచున్నది. మన పల్లెలలో కావడి కుండల నీరు తొణకకుండుటకై పచ్చని ఆకుకొమ్మ నొకదానిని పైన వేయుదురు. మోటారువారు ట్యాంకులో అడ్డురేకులు పెట్టుదురు. లేదా లీటరు రెండు లీటరుల చిన్న తొట్టి నొకదానిని నడుమ నుంచి, చిన్న పంపుతో దానిని ఎల్లప్పుడు నిండుగా నుంచి, పెద్ద పంపును అందుండి త్రాగనిత్తురు. అతడు ఆ చిన్న తొట్టి అమర్చుకొనుటకు డబ్బు కూడబెట్టుచున్నాడు. అంతవఱకు ట్యాంకు సగమునకు తగ్గకుండ పోయించుకొనుచున్నాడట. అక్కఱలేక కొన్న ఇంజెక్టరుల పెట్టె మాత్రము ఇంకను షెడ్డులో నున్నదని వ్రాసినాడు.